చెన్నై 90, హైదరాబాద్ 83: ఈ అంకెలతో ఏ నగరం ఎక్కువ చదువుతుందో చెప్పొచ్చా?

పట్టికల_పద్మ
ఆ పోస్టర్ మళ్లీ తిరుగుతోంది. 2011 జనాభా లెక్కల్లోంచి ఎత్తిన అక్షరాస్యత శాతాలు: చెన్నై 90.18, బెంగళూరు 87.67, కోల్‌కతా 86.31, హైదరాబాద్ 83.25. కింద పెద్దక్షరాల్లో "హైదరాబాదీలు పుస్తకం ముట్టరు" అని తీర్పు. ఆ అంకెల్లోంచి ఈ తీర్పు ఎలా ఊడిపడిందో ఎవరికీ పట్టదు. తిట్టుకుని ఊరుకునే బదులు పద్ధతిగా ఒక పట్టిక చేద్దామని ఉంది. నాలుగైదు నగరాలు, ఒక పక్క అక్షరాస్యత, ఇంకో పక్క చదివే అలవాటు. ఏ అంకెలు తీసుకోవాలి, ఎక్కడ బోల్తా పడతాం? అమెరికాలో నగరాలకి ఇలాంటి ర్యాంకులు ఇచ్చేవారట, ఆ పద్ధతి ఇక్కడ పనికొస్తుందా?

సెన్సస్_సూరి
ముందు హారం తేల్చుకోండి. మన జనాభా లెక్కల్లో అక్షరాస్యత శాతమంటే ఏడేళ్లు, ఆపై వయసు వాళ్లలో ఎందరు అని. 1981 దాకా అయిదేళ్ల నుంచి లెక్కేసేవారు, 1991లో ఏడుకి మార్చారు. అంతకంటే చిన్నపిల్లలు గడగడా చదివినా ఈ లెక్కలోకి రారు. చాలామంది చేసే పొరపాటు, అక్షరాస్యుల సంఖ్యని మొత్తం జనాభాతో భాగించేయడం. పది లక్షల ఊరు, అందులో 0-6 ఏళ్ల పిల్లలు లక్ష, అక్షరాస్యులు 7.65 లక్షలు అనుకోండి. 9తో భాగిస్తే 85 శాతం, 10తో భాగిస్తే 76.5. ఊరు అదే, ఎనిమిదిన్నర పాయింట్లు గాలికి పోయాయి.

రెండోది సరిహద్దు. ఇదే అసలు గొడవ. ఆ 83.25 హైదరాబాద్ జిల్లాది. 2011లో జిల్లా జనాభా 39.43 లక్షలు, జీహెచ్‌ఎంసీది 67 లక్షల పైచిలుకు, మొత్తం పట్టణ సముదాయానిది దాదాపు 77 లక్షలు. అంటే ఆ అంకెలో కూకట్‌పల్లి లేదు, ఎల్బీ నగర్ లేదు, శేరిలింగంపల్లి లేదు. అవన్నీ అప్పుడు రంగారెడ్డి జిల్లా. చెన్నై అంకె 174 చదరపు కిలోమీటర్ల పాత కార్పొరేషన్‌ది, అదే ఏడాది అక్టోబరులో అది 426కి పెరిగింది. బెంగళూరుది జిల్లా అంకె, అందులో ఆనేకల్ వైపు పల్లెలు కూడా ఉన్నాయి. కోల్‌కతాది నదికి ఇవతలి పాత నగరం, హౌరా వేరే జిల్లా. నాలుగు నగరాలకి నాలుగు రకాల గీతలు గీసి, వరుసలో నిలబెట్టి ఎత్తు కొలిచారన్నమాట.

మూడోది చిన్నదే. తాత్కాలిక అంకెలు, తుది అంకెలు కలపకండి. దేశం మొత్తానికి 2011లో మొదట 74.04 అన్నారు, తుది లెక్క 73 దగ్గర తేలింది. నెట్‌లో రెండూ కలగాపులగంగా ఉన్నాయి.

అటకమీదపెట్టె
ఇంతకీ పోస్టర్‌లో అంకెలు తప్పు కాదు, తీర్పే తప్పు. సగం మార్కులు వేయొచ్చు.

లెక్కల_మాస్టారు
సూరి గారు సరిహద్దు చెప్పారు, నేను వయసు చెబుతా. రెండు ఊహా నగరాలు తీసుకోండి.

క నగరం: ఏడేళ్ల పైబడిన వాళ్లలో 30 ఏళ్ల లోపు వాళ్లు 60 శాతం, వాళ్లలో అక్షరాస్యత 95. మిగతా 40 శాతం 30 దాటినవాళ్లు, వాళ్లలో 70. మొత్తం 57 + 28 = 85.
ఖ నగరం: 30 లోపు వాళ్లు 40 శాతం, అక్షరాస్యత 96. 30 దాటినవాళ్లు 60 శాతం, అక్షరాస్యత 73. మొత్తం 38.4 + 43.8 = 82.2.

రెండు వయసుల్లోనూ ఖ ముందుంది. మొత్తం అంకెలో మాత్రం క గెలిచింది, అక్కడ కుర్రకారు ఎక్కువ కాబట్టి. ఇద్దరికీ ఒకే వయసు తూకం, సగం సగం అనుకుని వేస్తే క 82.5, ఖ 84.5. జనాభా లెక్కల్లో వయసు వారీ అక్షరాస్యత పట్టికలు ఉంటాయి కనుక ఇది అసాధ్యమేమీ కాదు. వలస వచ్చిన యువకులతో నిండే నగరాలకి ఈ సవరణ లేకుండా ర్యాంకు ఇవ్వడం శుద్ధ దండగ.

పట్టికల_పద్మ
మాస్టారూ, తూకానికి ఏ వయసు పంపిణీ తీసుకోవాలి? సగం సగం అనేది మీ ఇష్టమా, నియమమా?

లెక్కల_మాస్టారు
నా ఇష్టమే, ఉదాహరణ కోసం. మీరు దేశం మొత్తం పట్టణ జనాభా వయసు పంపిణీ తీసుకోండి. ఏది తీసుకున్నా అన్ని నగరాలకీ అదొక్కటే వాడాలి, పట్టిక కింద రాయాలి. ఆడవాళ్లకీ మగవాళ్లకీ విడివిడిగా చేస్తే ఇంకా మంచిది. నగరాల మధ్య తేడా ఎక్కువగా దాగేది పెద్ద వయసు ఆడవాళ్ల దగ్గరే.

సర్వే_సరోజ
మీరందరూ ఆ అంకెని ఏదో కొలిచి తెచ్చినట్టు మాట్లాడుతున్నారు. జనాభా లెక్కల్లో పరీక్ష లేదు. గణకుడు ఇంటికొస్తాడు, ఎవరుంటే వాళ్లని అడుగుతాడు, మిగతావాళ్ల గురించి కూడా వాళ్లే చెబుతారు. ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం రెండూ వస్తే అక్షరాస్యులు. చదవడం వచ్చి రాయడం రాకపోతే కాదు. బడికి వెళ్లి ఉండాలన్న నియమం లేదు. బ్రెయిలీ చదివే అంధులు అక్షరాస్యులే. నిర్వచనం బాగానే ఉంది, కానీ వీధి గుమ్మం దగ్గర "మీ అత్తగారికి చదువొచ్చా" అంటే ఎంతమంది రాదంటారు?

దీనికి పక్కన పెట్టి చూడాల్సింది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. 2019-21 నాటి అయిదో విడతలో తొమ్మిదో తరగతి పూర్తిచేసినవాళ్లని అక్షరాస్యులుగా తీసుకుని, మిగతావాళ్ల చేతికి వాక్యం రాసిన కార్డు ఇచ్చి చదవమన్నారు. మొత్తం చదివారా, కొంత చదివారా, అసలు చదవలేదా అని రాసుకుంటారు. మొత్తమో కొంతో చదివితే అక్షరాస్యులే. కనీసం కంటితో చూసిన సాక్ష్యం.

సెన్సస్_సూరి
సరోజ గారితో సగమే ఒప్పుకుంటా. కార్డు మంచిదే. కానీ అది 15 నుంచి 49 ఏళ్ల వాళ్లకే. నగరంలో అక్షరాస్యత తక్కువుండే 60 ఏళ్ల వాళ్లు అందులో లేరు. పైగా జిల్లాకి వందల్లోనే ఇళ్లు, కాబట్టి ఒకటి రెండు పాయింట్ల తేడాకి అర్థం లేదు. గణకుడు ప్రతి గుమ్మమూ ఎక్కుతాడు. ఒకదాంట్లో లోతు, ఇంకోదాంట్లో విస్తీర్ణం.

సర్వే_సరోజ
అందుకే రెండూ పక్కపక్కన పెట్టమన్నా, ఒకటి తీసి ఇంకోటి పెట్టమనలేదు. హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా జిల్లాలు పూర్తిగా పట్టణాలే కనుక ఈ ఆరోగ్య సర్వే జిల్లాకొకటి వేసే పత్రంలోని స్త్రీల అక్షరాస్యత అంకెని నగరం అంకెగా వాడుకోవచ్చు. విశాఖకీ, విజయవాడకీ అలా కుదరదు, జిల్లాలో పల్లెలు కలిసిపోతాయి. 2005-06 మూడో విడతలో మాత్రం ఎనిమిది నగరాలకి విడిగా చేశారు, మురికివాడలు, మిగతా నగరం వేరువేరుగా. హైదరాబాద్ అందులో ఉంది. పాతదే అయినా ఒకే నగరం లోపల తేడా ఎంతుంటుందో చూడాలంటే అదే తెరవాలి.

కొత్తపేజీ
అసర్ నివేదిక ఉంది కదా, పిల్లలతో చదివించి మరీ చూస్తారు. అది వేసేస్తే?

సర్వే_సరోజ
అది గ్రామీణ భారతానికి. నగరాలు అందులో ఉండవు. పరికరం మాత్రం కాపీ కొట్టదగ్గదే: అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. పిల్లవాడు హాయిగా చదవగలిగిన పై మెట్టు ఏదో అది రాసుకుంటారు.

ర్యాంకుల_రంగడు
అమెరికా పద్ధతి గురించి అడిగారు కదా. జాన్ మిల్లర్ 2003లో మొదలుపెట్టి, తర్వాత సెంట్రల్ కనెక్టికట్ స్టేట్ యూనివర్సిటీ నుంచి కొనసాగించిన ర్యాంకులు అవి. రెండున్నర లక్షల జనాభా దాటిన నగరాలు మాత్రమే. ఆరు అంశాలు: పుస్తకాల దుకాణాలు, జనం చదువు స్థాయి, ఇంటర్నెట్ వనరులు, గ్రంథాలయ వనరులు, దినపత్రికల సర్క్యులేషన్, పత్రికా ప్రచురణ సంస్థలు. మినియాపొలిస్, సియాటిల్, వాషింగ్టన్ పై మెట్ల మీద కుర్చీలాట ఆడుతుండేవి.

ఇందులో ఒక్కటి కూడా "ఈ మనిషి చదవగలడా" అని కొలవదు. చదవడానికి చుట్టూ ఏముంది, వాడుక ఎంత అన్నదే. అది తప్పు కాదు, అదే దాని ఉద్దేశం. ఇబ్బందల్లా హారం దగ్గరే. పత్రిక అమ్ముడయ్యేది శివార్లన్నింటిలో, భాగించేది నగర సరిహద్దు లోపలి జనాభాతో. నడిబొడ్డు చిన్నదై, చుట్టూ ఊళ్లు పెద్దవైన నగరానికి ఉచిత బోనస్. ప్రచురణ సంస్థలదీ అంతే: సంస్థ కార్యాలయం ఉన్నచోటే దాని పాఠకులు ఉండాలని ఏముంది? రాజధానిలో సంఘాలు, సంస్థలు ఎక్కువ, అవి వేసే పత్రికలూ ఎక్కువ.

అటకమీదపెట్టె
ఆ లెక్కన కోఠి ఫుట్‌పాత్ ఒక్కటే దేశాన్ని గెలిపిస్తుంది.

ర్యాంకుల_రంగడు
అటక గారూ, హాస్యమాడారు గానీ అసలు లోపం అదే. దుకాణాల లెక్క నమోదైన వ్యాపారాల జాబితాలోంచి వస్తుంది. ఫుట్‌పాత్ మీద సెకండ్‌హ్యాండ్ పుస్తకాలమ్మే మనిషి ఆ జాబితాలో ఉండడు. కోల్‌కతా కాలేజ్ స్ట్రీట్, హైదరాబాద్ కోఠి రెండూ సగానికి పైగా మాయమైపోతాయి. పోటీ పరీక్షల గైడ్లమ్మే కొట్టు మాత్రం పుస్తకాల దుకాణంగా దర్జాగా లెక్కలోకొస్తుంది.

గ్రంథపాలిక
గ్రంథాలయాల కాలమ్ గురించి నేను రాస్తా, అందరూ ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

భవనాల సంఖ్య రాయొద్దు. తాళం వేసున్న శాఖ కూడా భవనమే. పుస్తకాల సంఖ్యా రాయొద్దు, చిరిగినవి, ఎవరూ తీయనివి ఏరి పారేయని గ్రంథాలయానికే ఎక్కువ మార్కులు పడతాయి. సభ్యుల సంఖ్య రాస్తే ఎప్పుడో డిపాజిట్ కట్టి మళ్లీ రాని పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు అందులోనే ఉంటాయి.

రాయాల్సినవి ఇవి. తలసరి ఇచ్చిన పుస్తకాలు, అంటే ఏడాదిలో ఇళ్లకి వెళ్లిన పుస్తకాలని జనాభాతో భాగించింది. గత పన్నెండు నెలల్లో ఒక్క పుస్తకమైనా తీసుకున్న సభ్యులు, జనాభాలో ఎంత శాతం. ఏడాదిలో కొత్తగా కొన్న పుస్తకాలు వెయ్యి మందికి ఎన్ని. వారానికి తెరిచి ఉండే గంటలు, అందులో సాయంత్రం ఆరు దాటాక ఎన్ని. చివరిది చాలామంది వదిలేస్తారు. ఉద్యోగస్తుల నగరంలో అయిదింటికి మూసే గ్రంథాలయం ఎవరి కోసం?

విదేశాల అంకెలతో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. చాలాచోట్ల గడువు తీరగానే పుస్తకం దానంతటదే రెన్యూ అవుతుంది, ఒక్కో రెన్యువలూ కొత్తగా ఇచ్చినట్టే నమోదవుతుంది. ఈబుక్కులు, ఆడియో కలిపారో లేదో కూడా చూడాలి.

వార్తాహరి
పాలిక గారూ, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే సీటు దొరకదు. అది అలవాటు కాదా? తలసరి ఇచ్చిన పుస్తకాల్లో ఆ జనం కనబడరు కదా.

గ్రంథపాలిక
కనబడరు, కనబడకూడదు కూడా. అక్కడ కూర్చునే కుర్రాళ్లలో ఎక్కువమంది సొంత పుస్తకాలు తెచ్చుకుని గ్రూప్స్‌కి, పోలీసు పరీక్షలకి చదువుకునేవాళ్లు. వాళ్లకి కావాల్సింది బల్ల, ఫ్యాను, నిశ్శబ్దం. అది గొప్ప సేవే, నేనేం తక్కువ చేయట్లేదు. కానీ నోటిఫికేషన్ వస్తే హాజరు పెరుగుతుంది, పరీక్ష అయిపోతే తగ్గుతుంది. ఆ అంకెని నగరం చదివే అలవాటు అంటే ప్రభుత్వం ఎన్ని ఉద్యోగాలు ప్రకటించిందో కొలిచినట్టవుతుంది. "రీడింగ్ రూం హాజరు" అని వేరే కాలమ్ పెట్టండి.

పట్టికల_పద్మ
డబ్బు సంగతి? సెస్సు అంకె పెట్టొచ్చా?

గ్రంథపాలిక
పెట్టొచ్చు, ఎలా పెట్టాలో జాగ్రత్త. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ప్రకారం ఆస్తి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు, తెలంగాణలోనూ అదే నడుస్తోంది. కర్ణాటకలో ఆరు, తమిళనాడులో పది. పశ్చిమ బెంగాల్, మహారాష్ట్ర చట్టాల్లో సెస్సే లేదు, ప్రభుత్వ గ్రాంటు మీద నడుస్తాయి. కాబట్టి సెస్సు రేటు పక్కపక్కన పెడితే కోల్‌కతా, ముంబైలకి సున్నా పడుతుంది, అది అన్యాయం. తలసరి ఖర్చు రాయండి, పన్నయినా గ్రాంటయినా. ఇంకోటి, పురపాలక సంస్థ వసూలు చేసింది వేరు, గ్రంథాలయ సంస్థ ఖాతాలో పడింది వేరు. మధ్యలో ఏళ్ల తరబడి బకాయిలుండటం మామూలే. బడ్జెట్ పుస్తకంలో అంకె కాదు, ఆడిట్ అయిన లెక్కలో పుస్తకాల కొనుగోలు పద్దు చూడండి. జీతాలూ కరెంటు బిల్లూ పోను మిగిలేది అక్కడ తెలుస్తుంది.

వార్తాహరి
దినపత్రికలది నాకొదిలేయండి. రెండు రకాల అంకెలుంటాయి, కలిపారో చచ్చారే. ఏబీసీ, అంటే ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్, ఇచ్చేది అమ్ముడైన కాపీలు, ఆరు నెలలకోసారి, జనవరి-జూన్, జులై-డిసెంబర్. ఐఆర్‌ఎస్, అంటే ఇండియన్ రీడర్‌షిప్ సర్వే, ఇచ్చేది పాఠకులు, ఇళ్లకెళ్లి అడిగి తేల్చింది. ఒక కాపీ హోటల్లో పదిమంది చేతులు మారుతుంది, ఇంకో కాపీ మడత విప్పకుండానే పాత పేపర్లవాడికి పోతుంది. ఐఆర్‌ఎస్‌లోనే మళ్లీ "మొత్తం పాఠకులు" అంటే గత నెలలో ఎప్పుడైనా చూసినవాళ్లు, "సగటు సంచిక పాఠకులు" అంటే దాదాపు నిన్నటి పేపర్ చూసినవాళ్లు. మొదటిది రెండోదానికంటే చాలా పెద్దది, ప్రకటనల్లో ఎప్పుడూ మొదటిదే కనిపిస్తుంది. పైగా 2019 చివరి త్రైమాసికం తర్వాత ఐఆర్‌ఎస్ రాలేదు. కరోనా తర్వాత పేపర్ మానేసిన ఇళ్లు అందులో లేవు.

కొత్తపేజీ
ఫోన్లో చదివేది ఏం చేస్తారు? ఇప్పుడు ఈ థ్రెడ్ చదువుతున్నవాళ్లంతా "చదవట్లేదు" కింద పోతారా?

అటకమీదపెట్టె
సూరి గారి మొదటి పోస్టు పూర్తిగా చదివినవాళ్లని పుస్తక పాఠకుల్లో కలిపేయొచ్చు.

సర్వే_సరోజ
ఏం అడుగుతున్నామో దాన్నిబట్టి. అమెరికాలో కళల సర్వేలో ఏళ్లుగా ఒకటే ప్రశ్న అడుగుతున్నారు: గత పన్నెండు నెలల్లో ఉద్యోగానికో చదువుకో కాకుండా ఏదైనా పుస్తకం చదివారా? 2012లో అవునన్నవాళ్లు 54.6 శాతం, 2022లో 48.5. ప్రశ్న మారలేదు కాబట్టే తగ్గిందని చెప్పగలుగుతున్నాం. పద్మ గారు సొంతంగా అడిగిస్తే ప్రశ్న ఇలా కట్టండి.

"మీరు పుస్తకాలు చదువుతారా" అని అడగొద్దు, అందరూ అవుననే అంటారు. "నిన్న పరీక్షకి, పనికి కాకుండా పది నిమిషాలకి మించి ఏమైనా చదివారా" అని మొదలుపెట్టండి. అవునంటే ఏది: పుస్తకం, పత్రిక, ఫోన్లో పెద్ద వ్యాసం, భక్తి పుస్తకం. భక్తి పుస్తకం విడిగా చెప్పకపోతే చాలామంది పెద్దవాళ్లు దాన్ని చదవడంగా లెక్కేయరు, పారాయణ అంటారు. తర్వాత ఏ భాషలో. తర్వాత "ఈ మధ్య చదివిన పుస్తకం పేరు". పేరు దగ్గర చాలామంది తడబడతారు, గొప్పకి చెప్పినవి అక్కడ జల్లెడ పడతాయి. సర్వే ఆదివారం ఒక్కరోజే చేయొద్దు, వారమంతా పరచండి.

లెక్కల_మాస్టారు
శాంపిల్ సంగతి కూడా రాసేస్తా. నగరానికి 400 మందిని అడిగితే అంకె అటూ ఇటూ అయిదు పాయింట్లు ఊగుతుంది. రెండు నగరాల మధ్య అయిదు పాయింట్ల తేడా నిజమో కాదో పట్టుకోవాలంటే ఒక్కో నగరానికి దాదాపు 1,570 మంది కావాలి, అదీ చిట్టీలు తీసినట్టు ఎంచితే. వార్డులు ఎంచి అందులో ఇళ్లు ఎంచితే, ఒకే వీధివాళ్లు ఒకేలా ఉంటారు కనుక ఒకటిన్నర రెట్లు చేయండి, 2,350. అంత ఓపిక లేకపోతే నగరాల మధ్య పోలిక మానేసి, ఒకే నగరంలో ఏడాదికేడాది మార్పు చూసుకోండి. ఆన్‌లైన్ ఫారం వాట్సాప్ గ్రూపుల్లో తిప్పి వచ్చిన పదివేల జవాబులకంటే పద్ధతిగా తీసిన ఐదొందలు నయం.

ర్యాంకుల_రంగడు
భాష అన్న మాట వచ్చింది కాబట్టి ఒక ఉదాహరణ. పెద్దల నైపుణ్యాలకి ఓఈసీడీ అనే, ఎక్కువగా సంపన్న దేశాలుండే కూటమి పెట్టే పరీక్ష ఉంది, పియాక్ అంటారు, 500 పాయింట్ల కొలబద్ద. 2014-15 విడతలో సింగపూర్, జకార్తా రెండూ ఉన్నాయి. ఇండోనేషియా మొత్తం కాదు, జకార్తా నగరం ఒక్కటే. అక్షరాస్యతలో సింగపూర్ 258, జకార్తా 200, అప్పటి ఓఈసీడీ సగటు 268. సింగపూర్ సగటుకంటే కిందెందుకుంది? అక్కడ పరీక్ష ఇంగ్లీషులో పెట్టారు. చైనీసులోనో, మలయ్‌లోనో, తమిళంలోనో చదువుకున్న పెద్దవాళ్లు వెనకబడ్డారు, కుర్రవాళ్లు సగటుని దాటారు. నాలుగు భాషల నగరాన్ని ఒక్క భాషలో పరీక్షిస్తే ఇదే జరుగుతుంది. హైదరాబాద్‌లో తెలుగు కార్డు ఒక్కటే పట్టుకెళ్తే ఉర్దూ చదివే పాతబస్తీ నిరక్షరాస్యుల్లోకి పోతుంది. మన ఆరోగ్య సర్వే కార్డులు వేర్వేరు భాషల్లో ఉంటాయి, సరైన భాష కార్డు లేనివాళ్లని విడిగా రాసుకుంటారు. మీరూ ఆ గడి పెట్టుకోండి.

కొత్తపేజీ
కోళికోడ్‌ని యునెస్కో సాహిత్య నగరం అన్నారు కదా, 2023లో. మన దేశంలో మొదటిది. ఆ కాలమ్ ఒకటి?

గ్రంథపాలిక
వద్దు. అది ర్యాంకు కాదు, నగరం దరఖాస్తు పెట్టుకుంటే వచ్చే సభ్యత్వం. ఎడిన్‌బరో 2004లో మొదలుపెట్టింది, దరఖాస్తు పెట్టని నగరానికి రాదు. 2003లో ఢిల్లీ ప్రపంచ పుస్తక రాజధాని, అదీ ఏడాది కార్యక్రమాలకి ఇచ్చేది. కింద నోట్‌లో రాయండి. పుస్తక ప్రదర్శనల సందర్శకుల సంఖ్య కూడా నోట్‌లోకే, గేటు దాటినవాళ్లందరూ పుస్తకం కొనరు.

పట్టికల_పద్మ
ఇంతవరకూ తేలింది ఇది. అక్షరాస్యత: ఏడేళ్లు పైబడినవాళ్లది, తుది అంకె, స్త్రీ పురుషులు వేరుగా, వయసు సవరణతో. పక్కనే 15-49 స్త్రీలు, కార్డుతో. అలవాటు: తలసరి ఇచ్చిన పుస్తకాలు, ఏడాదిలో తీసుకున్న సభ్యుల శాతం, వెయ్యి మందికి కొత్త పుస్తకాలు, సాయంత్రం గంటలు, సగటు సంచిక పాఠకులు. మొత్తం కలిపి ఒకే స్కోరు చేయనా?

లెక్కల_మాస్టారు
చేయొద్దు. తూకం ఏదో ఒకటి మీరే వేయాలి, తూకం మార్చగానే ర్యాంకు మారుతుంది. గ్రంథాలయానికి 30 వేస్తే ఒక నగరం, 20 వేస్తే ఇంకోటి గెలుస్తుంది. తప్పదనుకుంటే మూడు రకాల తూకాలతో చేసి, మూడింట్లోనూ ఏ నగరం చోటు మారలేదో అది మాత్రమే చెప్పండి.

వార్తాహరి
సగటు సంచిక అంకె పక్కన 2019 అని ఏడాది కొట్టొచ్చినట్టు రాయండి. లేకపోతే ఎవరో ఒకరు ఇవాళ్టి జనాభాతో భాగించేస్తారు.

సెన్సస్_సూరి
ఏ కాలమ్‌లో తీసుకున్నా ఒకే గీత ఉండాలి. హైదరాబాద్‌కి జీహెచ్‌ఎంసీ గీత తీసుకుంటే గ్రంథాలయాల అంకె కూడా నగర సంస్థది, అప్పటి రంగారెడ్డి జిల్లా సంస్థ శాఖలది కలిపి లాగాలి, లేకపోతే పైన ఒక ఊరు, కింద ఇంకో ఊరు. తర్వాతి జనాభా లెక్కలకి 2027 మార్చి 1 గణన తేదీ. ఈలోగా చాలా నగరాల గీతలు మారిపోయాయి, కాబట్టి ఇప్పుడు మీరు కలుపుతున్న వార్డుల జాబితా 2011 పేర్లతో, కోడ్‌లతో సహా వేరే షీట్‌లో ఉంచండి. కొత్త అంకెలు రాగానే పాత వార్డులతో జతపరచాలంటే అదొక్కటే దారి.

పట్టికల_పద్మ
జీహెచ్‌ఎంసీ వార్డుల షీట్ మొదలుపెట్టా. చెన్నైది ఎవరి దగ్గరైనా 174 చదరపు కిలోమీటర్ల నాటి జాబితా ఉంటే పెట్టండి.